నీళ్లు పోయే దారి పట్టుకుంటే సైకిల్ బాట దొరుకుతుంది

(నల్గొండలో జరిగిన సైకిల్ రైడర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచిన పిల్లలు "గ్రావెల్ రూట్ల గురించి చెప్పండి సార్" అన్నారు. అంటే కంకర, మట్టి బాటల మీద సైకిల్ తొక్కడం. నేను ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాలువ కట్టల మీద నా బండి సైకిలే. ఇప్పటికీ అదే. అందుకని ఇవాళ సైకిల్ గురించి కొంచెం, నీళ్ల గురించి ఎక్కువ మాట్లాడతాను. నల్గొండ, పాలమూరు వైపు మంచి మట్టి బాట కావాలంటే ముందు నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు ఈ ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊళ్లో 2006లో ఒక రేసు మొదలైంది. కంకర రోడ్ల మీద ఒకే విడతలో 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్లు తొక్కాలి. దాంతో ఈ రకం సైక్లింగ్‌కు పేరొచ్చింది. 2022లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఇటలీలో మొదటి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించింది. రేసు సైకిల్‌కు ఉండే వంపు హ్యాండిల్, 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వెడల్పున్న టైరు, అందులో గాలి కాస్త తక్కువ. గ్రావెల్ సైకిల్ అంటే స్థూలంగా ఇదే.

ఇప్పుడు మన ఊళ్లలో పాల క్యాన్లు కట్టుకుని తిరిగే పాత సైకిల్ దగ్గర వంగి, టైరు పక్కన ఏం రాసి ఉందో చదవండి. 28 × 1½ అని ఉంటుంది. దాని పక్కనే 40-635 అని ఉంటుంది. ఆ 40 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. లక్ష రూపాయలు పెట్టి కొనే సైకిల్‌కు ఎంత వెడల్పు టైరు ఉంటుందో దీనికీ అంతే. పాలవాళ్లు, పోస్ట్‌మ్యాన్లు, కాలువలు కాసే లస్కర్లు ఈ టైర్ల మీదే డొంకల్లో, కట్టల మీద జీవితమంతా తిరిగారు. కాబట్టి డబ్బు లేదని ఎవరూ ఆగిపోవద్దు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. పాత సైకిల్ రాడ్ బ్రేకులు రిమ్ము తడిస్తే సరిగా పట్టవు. దాంతో చదునైన కట్టల మీద తిరగండి, ఘాట్ మాత్రం దిగకండి.

కాన్సాస్‌లో భూమిని సర్వే చేసినప్పుడు మైలుకో గీత గీసి చదరాలుగా కోశారు. ఆ గీతల వెంటే కంకర రోడ్లు వేశారు. మ్యాపులో చూస్తే గళ్ల లుంగీలా కనిపిస్తుంది. మన దగ్గర బాటలు అలా పుట్టలేదు. ఊరికి ఎగువన చెరువు, చెరువుకు కట్ట, కట్ట మీద బాట, అలుగు దూకిన నీళ్లు పోయే వాగు, ఆ వాగు కింద ఇంకో ఊరు, దానికో చెరువు. గొలుసుకట్టు చెరువులన్నామంటే అవే. ఒక చెరువు కట్ట ఎక్కి, అలుగు దాటి, వాగు వెంట బండ్ల బాట పట్టుకుంటే రెండో చెరువు దగ్గరికి చేరతారు. మిషన్ కాకతీయలో, 2015 నుంచి, చాలా చెరువులకు పూడిక తీసి కట్టలు గట్టిపరిచారు. ఇదివరకు మనిషి ఒక్కడే నడిచే కట్టలు కొన్నిచోట్ల ట్రాక్టరు పోయేంత వెడల్పయ్యాయి. సైకిల్‌కు అంతకంటే ఏం కావాలి?

ఇక కాలువలు. ఇది నా సొంత సబ్జెక్టు, కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లొదిలారు. మన వైపు వచ్చేది ఎడమ కాలువ, కాగితాల మీద దాని పేరు లాల్ బహదూర్ కాలువ. హాలియా, నిడమనూరు, వేములపల్లి మీదుగా సూర్యాపేట జిల్లాకు, అక్కణ్ణించి ఖమ్మం వైపు పోతుంది. ఆ కాలువ ఎందుకన్ని వంపులు తిరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? నీళ్లు వాటంతట అవే పారాలి. పెద్ద కాలువకు కిలోమీటరుకు వాలు సెంటీమీటర్లలోనే ఉంటుంది. అంతకంటే వాలు పెడితే ఒరవడికి కట్ట కోసుకుపోతుంది, చివరి భూములకు నీళ్లెక్కే ఎత్తు కూడా మిగలదు. అందుకని గుట్ట అడ్డొస్తే కాలువ ఎక్కదు, చుట్టూ తిరిగి పోతుంది. లోయ అడ్డొస్తే అక్విడక్ట్, అంటే నీళ్ల వంతెన, కట్టి దాటిస్తారు. సైకిల్ తొక్కే మనిషికి దీని అర్థం ఏమిటంటే, ఎన్ని కిలోమీటర్లు పోయినా ఎక్కుడు ఉండదు. నల్గొండ జిల్లా మధ్యలో గుట్టలన్నీ చుట్టూ కనిపిస్తుంటాయి, మీరు మాత్రం ఒక్క గుట్టా ఎక్కరు. కొత్తగా సైకిల్ పట్టిన మనిషి కూడా కట్ట మీద అలవోకగా 30 కిలోమీటర్లు పోగలడు.

కాలువకు రెండు వైపులా కట్ట ఒకటే తీరు ఉండదు. ఒక వైపు శాఖ జీపు తిరగడానికి మొరం పోసిన బాట ఉంటుంది. రెండో వైపు చాలా చోట్ల సర్కారు తుమ్మ కమ్ముకుని ఉంటుంది. జీపు బాట ఉన్న వైపే పట్టుకోండి. డిస్ట్రిబ్యూటరీ (పిల్ల కాలువ) తూము దగ్గర బాట ఒక్కసారి దిగి ఎక్కుతుంది, అక్కడ వేగం తగ్గించండి. కాలువ నిండుగా పారుతున్నప్పుడు నీళ్ల వైపు అంచున తొక్కొద్దు. లైనింగ్ (కాలువ లోపలి గచ్చు) మీద నాచు ఉంటుంది, జారి పడితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈతగాళ్లు కూడా ఇలా పోయారు. పిల్లలతో వచ్చినవాళ్లు కాలువలో కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగొద్దు.

లస్కరు అనే మనిషి ప్రతి కాలువ మీదా ఉంటాడు. జీతం తక్కువ, పని ఎక్కువ. ఏ కిలోమీటరు దగ్గర కట్టకు బుంగ పడిందో, ఎక్కడ తూము కారుతోందో శాఖ కాగితాల్లోకి రాకముందే ఆయనకు తెలుస్తుంది. ఆయన కనిపిస్తే ఆగండి. "ఆడ బుంగ పడ్డది సారూ, దిగి నడుసుకుంట పోండ్రి" అన్నాడంటే దిగి నడవండి. బుంగ అంటే పైకి కనిపించేది పిడికెడు రంధ్రమే. ఎండ్రకాయ తవ్విందో, ఎలుక తవ్విందో ఉంటుంది. లోపల మాత్రం నీళ్లు మట్టిని తింటూ పోతుంటాయి. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. చూస్తుండగానే పొలాలు, ఇళ్లు నీళ్లపాలయ్యాయి. వాన పడ్డ వారం రోజుల్లో కట్టల మీదికి పోవద్దని అందుకే చెబుతాను. మీ టైరు చేసిన గాడిలో కూడా నీళ్లు నిలుస్తాయి, ఆ గాడే కోతకు మొదలవుతుంది.

నల్గొండ ఊళ్లో ఉన్నవాళ్లు మొదట పానగల్లు వెళ్లండి. అక్కడి ఉదయ సముద్రం కందూరు చోళుల నాటి చెరువు. ఇప్పుడు ఏఎంఆర్ (అలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టుకు బ్యాలెన్సింగ్ రిజర్వాయరుగా వాడుతున్నారు. సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరులో పోస్తారు, అక్కణ్ణించి కాలువలో ఇంత దూరం వస్తాయి. పానగల్లు కట్ట మీద నిలబడి చూసే నీళ్లు కృష్ణ నీళ్లే. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం. ఛాయా సోమేశ్వరంలో లింగం వెనక గోడ మీద పొద్దస్తమానం ఒక స్తంభం నీడ కదలకుండా పడే ఏర్పాటు చూడదగ్గది. సైకిల్ బయట పెట్టి తాపీగా చూడండి. అక్కడ రిజర్వాయరు చుట్టూ ఉన్న బాట సగం పూట సరదాకు చాలు.

దూరం పోగలిగినవాళ్లకు వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు, ఒడ్డున అగస్త్యేశ్వరాలయం. హాలియా నుంచి ఎడమ కాలువ కట్ట పట్టుకుని వేములపల్లి దాకా, అక్కణ్ణించి పొలాల మధ్య మేజర్ల (పెద్ద పిల్ల కాలువల) కట్టల మీదుగా దక్షిణానికి దిగాలి. నార్కట్‌పల్లి–అద్దంకి పెద్ద రోడ్డు మీద సిమెంటు లారీలు, ధాన్యం లారీలు ఆగకుండా తిరుగుతుంటాయి, దాన్ని అడ్డంగా దాటడమే తప్ప దాని వెంట తొక్కొద్దు. మూసీ గురించి ఒక మాట చెప్పాలి. అనంతగిరి కొండల్లో పుట్టిన నది అది. హైదరాబాద్ మురుగంతా మోసుకుని మన జిల్లాకు వస్తుంది. ఎన్నో ఊళ్లు ఆ నీళ్లతోనే పంట పండిస్తున్నాయి. మత్తడి దగ్గర తెల్లగా నురగ కనిపిస్తే అందంగా ఉందని దగ్గరికి పోయి ఫోటో దిగుతారు. అది సబ్బు నురగ, ఫ్యాక్టరీల నురగ. ఆ వాసన పీల్చినప్పుడు నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. సైకిల్ మీద నది వెంట పోయిన ప్రతి మనిషికీ ఆ బాధ తెలియాలని నా కోరిక. కారులో వంతెన దాటేవాళ్లకు ఏమీ తెలియదు.

పాలమూరు వైపు కథ వేరు. కృష్ణానది నారాయణపేట జిల్లాలో తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. జూరాల ప్రాజెక్టు దాటాక, కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న భూమిని నడిగడ్డ అంటారు. గద్వాల, బీచుపల్లి, అలంపూర్ అన్నీ అక్కడే. నవంబరు, డిసెంబరు నెలల్లో నడిగడ్డ తొక్కడానికి బాగుంటుంది. పత్తి విత్తనాల పంటకు పేరున్న ప్రాంతం కదా, ఎక్కడ చూసినా చేలల్లో మనుషులు ఉంటారు. దారి తప్పినా భయం లేదు. ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువ కట్ట అలంపూర్ వైపు చాలా దూరం వస్తుంది. రాజోలిబండ దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట, కాలువ చివర మన అలంపూర్ రైతులు. చివరి భూములకు నీళ్లు సరిగా అందక వాళ్లు పడ్డ గోస పెద్దది. సైకిల్ మీద పోతూ కాలువలో నీళ్లుండాల్సిన చోట గడ్డి చూస్తే ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలతోపాటు కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా తప్పక చూడండి. రెండు నదులు కలిసే చోట ఉండే గుడి అది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని రాయి రాయి ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. కొల్లాపూర్ దగ్గర జటప్రోలు గుళ్లదీ అదే కథ. ఊళ్లు మాత్రం అలా తరలిరాలేదు. చెదిరిపోయాయి.

నడిగడ్డ నుంచి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి పెబ్బేరు వైపు వచ్చి, వీపనగండ్ల, చిన్నంబావి, పెంట్లవెల్లి మీదుగా కొల్లాపూర్, సోమశిల. నది ఒడ్డు బాటల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఎడమ పక్క జొన్న, వేరుశనగ చెలకలు, కుడి పక్క శ్రీశైలం వెనక జలాలు. రిజర్వాయరు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వర్షాకాలం చివర నిండుగా ఉన్నప్పుడు ఊరి అంచు దాకా నీళ్లుంటాయి. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు బాగా వెనక్కి పోయి, మునిగిన పాత బాటలు, బావుల గట్లు బయటపడతాయి. ఒడ్డు ఊళ్లవాళ్లు ఆ ఒండ్రులోనే పంట వేసుకుంటారు. అక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. ఎండి నెర్రెలు విచ్చిన ఒండ్రు పైకి సిమెంటు గచ్చులా గట్టిగా కనిపిస్తుంది, పైన నడిస్తే చప్పుడు కూడా గట్టిగానే వస్తుంది. నీళ్ల దగ్గరికి పోయేకొద్దీ కింద పచ్చి ఉంటుంది. ముందు చక్రం దిగిందంటే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. ఎడ్ల గిట్టల గుర్తులు, ట్రాక్టరు గాళ్లు ఉన్న చోటే పోండి. అవి ఆగిన చోట మీరూ ఆగండి.

ఇక్కడ ఒక అమ్మాయి చెయ్యెత్తింది. అడుగమ్మా... సోమశిలలో సైకిల్‌ను బోటు మీద ఎక్కించి అవతలికి పోవచ్చా అంటోంది. మరబోట్లు తిరుగుతాయి. బోటువాళ్లు ఒప్పుకుంటే పోవచ్చు. అవతల సిద్ధేశ్వరం, అది ఆంధ్రప్రదేశ్. గాలి గట్టిగా ఉన్న రోజు ఎక్కొద్దు, లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు అసలే వద్దు. 2022లో అక్కడ వంతెనకు కేంద్రం అనుమతి ఇచ్చింది. అది పూర్తయితే ఈ రూటు పూర్తిగా మారిపోతుంది.

నేల గురించి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే మన దగ్గర పది కిలోమీటర్లకు నేల మారుతుంది. ఎర్ర చెలక వానలో కూడా నీళ్లు తాగేస్తుంది, ఒక పూట ఎండ కాస్తే తొక్కొచ్చు. రేగడి అలా కాదు. రెండు చినుకులు పడితే చాలు, టైరుకు అంటుకుని, ఫోర్కు సందులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. పుల్ల పెట్టి గీకితే వస్తుంది, పది గజాలు పోగానే మళ్లీ అంతే. అప్పుడు సైకిల్ భుజాన వేసుకోవాల్సిందే. నడిగడ్డలో రేగడి ఎక్కువ కాబట్టి మబ్బు పట్టిన రోజు అటు పోవద్దు. నల్లమల కింద పలుగు రాళ్లు, అంచులు కోసుగా ఉంటాయి, టైరు పక్కభాగం చీలుతుంది. గాలి మరీ తగ్గించి పోతే రిమ్ము దెబ్బతింటుంది.

ఇంక పల్లేరు. దీని గురించి విదేశీ వీడియోల్లో ఎంత చూసినా మన పొలం గట్టు మీద నేర్చుకునేదే ఎక్కువ. పల్లేరు కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. కోతలయ్యాక చెలక అంచుల్లో ఎండిన తీగలు పరుచుకుని ఉంటాయి, కంటికి ఆనవు. ట్యూబ్ టైరు అయితే ఒకేసారి నాలుగైదు చోట్ల పంచరు. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ (రంధ్రాలు పూడ్చే మందు) పోసుకుంటే చాలావరకు దానంతటదే పూడుతుంది. ముల్లు కనబడితే పీకి, వెంటనే ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగండి, మందు అక్కడికి చేరుకుంటుంది. మన ఎండలకు సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, చూసుకుంటూ ఉండాలి. సర్కారు తుమ్మ ముల్లు మాత్రం వేరే జాతి. కొమ్మలు నరికి బాట మీద పడేసిన చోట దిగి సైకిల్ ఎత్తుకుని దాటండి, తొక్కొద్దు.

పొలాల దగ్గర ప్రాణం మీదికి వచ్చే విషయం ఇంకొకటి ఉంది. అడవి పందులు రాకుండా కొందరు చేను చుట్టూ తీగ కట్టి దొంగతనంగా కరెంటు పెడతారు. అది నేరం. అయినా పెడుతున్నారు, మనుషులు, పశువులు, పులులు కూడా చనిపోయిన సందర్భాలున్నాయి. చీకట్లో షార్ట్‌కట్ అని చేనుకు అడ్డం పడొద్దు. తెల్లవారకముందు బయల్దేరే అలవాటున్న రైడర్లకు మరీ చెబుతున్నా, బాట దిగొద్దు.

వడ్లు ఆరబోసే రోజుల్లో రోడ్డు సగం వడ్లే ఉంటాయి. ఆ వడ్ల మీదుగా సైకిల్ పోనివ్వద్దు. నాలుగు నెలల కష్టం అది. దిగి పక్కనుంచి నడిపించుకు పోతే, ఆ కుప్ప దగ్గర కూర్చున్న అవ్వ మీతో మాట కలుపుతుంది. "ఏ ఊరు బిడ్డా, ఎందుకింత తిప్పల?" అంటుంది. దారి కూడా ఆమెనే అడగండి. "గిట్ల పోతే వాగొస్తది, నీళ్లున్నయ్, పైబాట పట్టుకో" అంటే ఫోన్లో మ్యాపు ఏం చూపించినా పైబాటే పట్టుకోండి. వాగులో నీళ్లు ఎప్పుడు వచ్చాయో ఆ మ్యాపుకు తెలియదు. గొర్ల మంద ఎదురొస్తే సైకిల్ ఆపి నిలబడండి, బెల్లు కొట్టొద్దు. మంద చెదిరితే కాపరికి సగం రోజు పోతుంది. పొద్దున్న జొన్న రొట్టె, మధ్యాహ్నం గుడాలు, ఏది దొరికితే అది ఆ ఊళ్లోనే కొనుక్కుని తినండి. సిటీ నుంచి బ్యాగు నిండా ప్యాకెట్లు తెచ్చుకుని, ఖాళీ కవర్లు ఇక్కడ పడేసి పోతున్న బృందాలను చూసి నేను చాలాసార్లు కోప్పడ్డాను. ఇక ముందూ కోప్పడతాను.

చివర్లో కూర్చున్న తమ్ముడు ఏదో అడుగుతున్నాడు. గట్టిగా అడుగు బాబూ... "సార్, మాది చందంపేట దగ్గర తండా. మట్టి రోడ్లు బాగున్నాయని మీరంతా అంటే, మా తండాకు బీటీ రోడ్డు వద్దనా?"

చాలా మంచి ప్రశ్న. ఇటలీలో 1997లో లెరోయికా అనే సైకిల్ యాత్ర మొదలైంది. టస్కనీ పల్లెల్లో ఉన్న తెల్ల మట్టి రోడ్లకు తారు పోయకుండా కాపాడుకోవాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. అక్కడ అది న్యాయమే కావచ్చు. మన తండాలో కాన్పు నొప్పులు వస్తున్న ఆడమనిషిని ట్రాక్టరు ట్రాలీలో బురదలో తీసుకుపోయే పరిస్థితి ఉంటే, మన సరదా కోసం ఆ రోడ్డు మట్టిగానే ఉండాలనుకోవడం తప్పు. మీ తండాకు బీటీ రోడ్డు పడాలి, అంబులెన్సు గుమ్మం దాకా రావాలి. నేను మొదటినుంచీ కట్టలు, కాలువ గట్లు, వాగు ఒడ్లు అంటున్నది ఇందుకే. అవి ఊరి రోడ్లు కావు, నీళ్ల కోసం వేసిన బాటలు. వాటి మీద తారు వేయాలని ఎవరూ అడగరు, వేసినా నిలవదు. మనం తొక్కడానికి అవి చాలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వేశారు. నగరానికి అది అవసరమే. మన జిల్లాల్లో అలాంటిది కట్టమని నేను అడగను. కట్టల మీద తుమ్మ కొట్టించి, తూముల దగ్గర రెయిలింగ్ పెట్టి, ప్రతి ఐదు కిలోమీటర్లకు తెలుగులో ఒక బోర్డు పెడితే చాలు.

మీ చందంపేట సంగతే చెబుతాను. డిండి దగ్గర నిజాం కాలంలో కట్టిన ప్రాజెక్టు కింద నుంచి డిండి వాగు లోయ పట్టుకుని వస్తే మీ మండలం మీదుగా సాగర్ వెనక జలాల దాకా చేరతాం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ వాగు ఇసుకే. ఇసుకలో తొక్కలేం కాబట్టి పక్కన గట్టు మీద బండ్ల బాట పట్టుకోవాలి. దేవరకొండ కోట ఉత్తరాన వదిలేసి దిగుతూ వస్తే గుట్టలు, మధ్యలో తండాలు, చివర నేరేడుగొమ్ము వైపు వైజాగ్ కాలనీ. కోస్తా నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు కాబట్టి ఆ పేరు. అప్పటికప్పుడు వేయించి పెట్టే చేపల కోసం హైదరాబాద్ నుంచి కార్లలో వస్తున్నారు. సైకిల్ మీద వచ్చినవాళ్లకు రుచి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఆ నీళ్ల కింద ఏలేశ్వరం ఉంది. సాగర్ మునకకు ముందు తవ్వకాలు జరిపి ఎంతో చరిత్ర బయటికి తీశారు. మిగిలింది నీళ్లలోనే ఉండిపోయింది.

ఇక అడవి. అందరూ ఎదురుచూస్తున్నది ఇదే అని తెలుసు. కాబట్టి కచ్చితంగా చెబుతాను.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. రాష్ట్ర విభజన తర్వాత నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ నుంచి మన వైపు భాగం విడిగా ఏర్పడింది. అందులో ఎక్కువ భాగం కోర్, అంటే పులుల కోసం విడిచిపెట్టిన లోపలి అడవి. కోర్‌లో ఉన్న జీపు బాటలు మ్యాపులో చూస్తే ఏ గ్రావెల్ రైడర్‌కైనా నోరూరుతుంది. వాటి మీదికి సైకిల్ పోకూడదు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచితే, సైకిల్ చప్పుడు చేయదు. మలుపు తిరిగేదాకా జంతువుకు మనం వస్తున్నట్టు తెలియదు. ఎలుగుబంటి ఉలిక్కిపడితే పారిపోదు, మీదికి వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పూలు రాలతాయి, తెల్లవారుజామున ఎలుగులు చెట్ల కిందికి వచ్చి అవి ఏరుకుని తింటాయి. కోర్ బయట, అడవి అంచు ఊళ్లలో కూడా ఇప్ప చెట్లుంటాయి. ఆ కాలంలో పొద్దు బాగా పొడిచేదాకా అటు బయల్దేరొద్దు.

కాబట్టి అడవిని అంచు నుంచి చూడటమే మనకు దారి. కొల్లాపూర్ నుంచి లింగాల, బల్మూరు మీదుగా అచ్చంపేట దాకా, నల్లమల గట్టు కింద పోయే బాటలు ఉన్నాయి. కుడి పక్కన గట్టు గోడలా వెంటే వస్తుంది. చెలకలు, చిన్న చెరువులు, వాగులు. గట్టు మీద కురిసిన వాన ఆ వాగుల్లోకే దిగుతుంది, అందుకే జూలై, ఆగస్టుల్లో అవి దాటలేం. అచ్చంపేట తర్వాత రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం ఎక్కండి. కొండ చరియ కింద గుడి, రాతిలోంచి ఊరే నీళ్లు. పైన మన్ననూరు నుంచి అమ్రాబాద్, పదర, మద్దిమడుగు వైపు తారు రోడ్డే అయినా బండ్లు తక్కువ. ఆ పీఠభూమి మీద గాలే వేరు. శ్రీశైలం పెద్ద రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలో మూసేస్తారు, పగలు కూడా బస్సుల జోరు ఎక్కువ. సైకిల్‌కు అది మంచిది కాదు.

పెంటల్లో, అంటే అడవిలోని గూడేల్లో, ఉండే చెంచుల గురించి ఒక మాట. వాళ్ల ఇళ్లు చూసే వస్తువులు కావు. అడక్కుండా ఫోటో తీయొద్దు. పిల్లలకు చాక్లెట్లు పంచి వీడియో తీయొద్దు. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచులు, అచ్చంపేట, అమ్రాబాద్ జనం అడ్డం నిలబడ్డారు. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఈ అడవి అంచున మనం ఇవాళ తొక్కగలుగుతున్నామంటే వాళ్ల వల్లే. ఎండాకాలంలో గడ్డి పెట్రోలు పోసినట్టే అంటుకుంటుంది కాబట్టి బీడీ, సిగరెట్టు, స్టవ్వు ఏదీ వద్దు.

ఆఖరి ప్రశ్న అంటున్నారు, అడగండి... "అనుమతి ఎవర్ని అడగాలి, అడిగితే ఇస్తారా?"

కాలువ కట్ట అయితే ఆ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆఫీసులో ముందుగా చెప్పండి. బృందంగా పోతుంటే కాగితం రాసి ఇవ్వండి. నీళ్లు ఎప్పుడు వదులుతున్నారో అక్కడే తెలుస్తుంది. చెరువు కట్ట అయితే ఊళ్లో సర్పంచుకో, కారోబారుకో చెబితే చాలు, చాయ్ ఇచ్చి పంపిస్తారు. అడవి అయితే మన్ననూరులో అటవీ శాఖ వాళ్లను అడగండి. ఏ బాట తెరిచి ఉందో, ఎటు జంతువులు తిరుగుతున్నాయో చెబుతారు. అక్కడ వద్దంటే బతిమాలొద్దు, నాకు ఫలానా ఆఫీసరు తెలుసు అనొద్దు. చెక్‌పోస్టు నుంచి ఎడమకు తిరిగితే అమ్రాబాద్ రోడ్డు. మద్దిమడుగు ఆంజనేయస్వామి గుడి దాకా పోయి, అక్కడే భోజనం చేసి, చీకటి పడకముందే మన్ననూరుకు వచ్చేయండి.